టేపక్క రక్తం

పదీ పన్నెండుకి పెట్టాను. పదకొండూ పన్నెండుకి చూడాలి. అంతకుముందు చూస్తే లాభం లేదు, చూడకుండా ఉండడం నా వల్ల కాదు. సన్నటి గాజు గొట్టం, రెండు వందల గీతలు, అందులో మా అక్క రక్తం నిటారుగా నిలబడి ఉంది. ఇక నేను చేసేదేమీ లేదు. ఎర్రకణాలు తమ బరువుకి తామే కిందికి దిగుతాయి, పైన లేత పసుపు నీరు తేలుతుంది, గంటలో ఎన్ని గీతలు దిగితే అంత ఈఎస్ఆర్. ఒంట్లో ఎక్కడైనా వాపు రగులుతుంటే కణాలు ఒకదాన్నొకటి అంటుకుని బరువెక్కి గబగబా దిగుతాయి, ఒళ్ళు కుదుటగా ఉంటే అవీ నింపాదిగా దిగుతాయి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ల్యాబులో ఎవరెవరి రక్తమో ఇలా దిగడం చూస్తున్నాను. ఇప్పుడు మిషను వచ్చింది, ఇరవై నిమిషాల్లో అంకె చెప్పేస్తుంది. దాని ముందు మిగతావాళ్ళ రక్తాలు వరసకట్టి ఉన్నాయి. అక్కది మాత్రం దానికి ఇవ్వబుద్ధి కాలేదు. పాత స్టాండు తీసి, దుమ్ము తుడిచి, అడుగున మట్టం చూపే బుడగ మధ్యకి వచ్చిందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. గొట్టం రవ్వంత ఒరిగినా రక్తం తొందరపడుతుంది, పక్కన సెంట్రిఫ్యూజ్ తిరిగినా, కిటికీలోంచి ఎండ పడినా అంతే. అందుకని ఈ మూల రాతిబల్ల మీద పెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుని, పొయ్యి మీద పాలకి కాపలా కాసేవాడిలా కూర్చున్నాను.

అద్దం తలుపు అవతల బెంచీ మీద అక్క, పక్కన బావ. అక్క ఎడమ కాలు చాపుకుని కూర్చుంది, ఒడిలో పుస్తకం, చెవి మీద పెన్సిలు. ఇందాక సూది గుచ్చుతుంటే నా చేతి వైపు చూడలేదు, గోడ గడియారం వైపు చూసింది. "పదీ ఆరు" అని పైకే చదివి, రెండో చేత్తో పుస్తకంలో వేసుకుంది. "టైము నేను రాసుకుంటానుగా అక్కా, నీకెందుకు శ్రమ" అన్నాను. "నువ్వూ రాసుకో, నేనూ రాసుకుంటా. అంకెలేమైనా అన్నం అడుగుతాయా" అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. తను మామూలుగానే అంది, బతుకంతా అలా రాసుకుంటూనే ఉన్న మనిషి. దెబ్బలా తగలడానికి కారణం నాలోనే ఉంది, పద్నాలుగు నెలలుగా ఉంది, ఈ గంట అయ్యేలోగా దాన్ని బయటికి తీసి తనకి చెప్పెయ్యాలని నిన్న రాత్రి ఒట్టు పెట్టుకున్నాను. ఇలాంటి ఒట్లు ఇప్పటికి ఎన్ని తీసి గట్టు మీద పెట్టానో నాకే తెలియదు.

ఐదు నిమిషాలు. గొట్టంలో ఏమీ కదల్లేదు. మొదట్లో ఇంతే, కణాలు ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి, జతలు కడతాయి, అప్పుడు గానీ దిగడం మొదలుపెట్టవు. కీళ్ళ డాక్టరమ్మ మాట స్పష్టంగా చెప్పింది. రెండు వాపు అంకెలు చూడాలి, ఈ ఈఎస్ఆర్ ఒకటి, సీఆర్‌పీ ఒకటి. అవి రెండూ దిగి, ఎడమ మోకాలి వాపూ తగ్గి ఉంటే సోమవారం నుంచి అక్క అడవికి పోవచ్చు. దిగకపోతే నెలరోజులు రోజూ నరంలోకి మందు, అడవి మాట ఎత్తకూడదు. సోమవారమే పెద్దచెట్ల గణన మొదలవుతుంది. పదేళ్ళకోసారి వస్తుంది. అక్క దాన్ని మూడుసార్లు చేసింది, మొదటిసారి పనివాళ్ళలో ఒకతెగా, రెండోసారి జట్టుకి పెద్దగా, మూడోసారి మొత్తం అడవికి పెద్దగా. వచ్చే ఏడు అటవీ శాఖలో ఉద్యోగం అయిపోతుంది, ఇక మళ్ళీ గణన వచ్చేసరికి తను పేపరు చదువుకుంటూ ఇంట్లో కూర్చుని ఉంటుంది. "నేను కొలిచిన పిల్లలు ఇప్పుడెంత లావయ్యారో చూసుకోవద్దట్రా" అని అడిగింది మొన్న. ఆవిడకి నలభై అడుగుల చెట్టు కూడా పిల్లే.

అడవిలో తన పేరు టేపక్క. ఎవరు పెట్టారో తెలియదు గానీ చాలా బాగా పెట్టారు. మెడలో ఎప్పుడూ చుట్టుకుని ఉండే పసుపు టేపు, చెట్టుకి గుండె ఎత్తున చుట్టి, కొసలు కలిపి, చదివి, పుస్తకంలో పెన్సిలుతో అంకె. పెన్ను వాడదు, వానకి సిరా కారుతుందంటుంది. ముప్ఫై ఏళ్ళ కిందటి పుస్తకాలు తీసి ఏ చెట్టు ఏ ఏడు ఎంత ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇంటికొచ్చినా అదే ధోరణి. బావ నడుము చుట్టుకొలత పెళ్ళయిన ఏడు నుంచి రాసి పెట్టిందని బావ అందరికీ చెప్పి నవ్విస్తాడు. "నన్ను నరికే ఏడు ఎప్పుడో కూడా ఆ పుస్తకంలో ఉండి ఉంటుంది" అంటాడు. మా ఇంట్లో ఆవిడ మీద వేళాకోళం ఆడని వాళ్ళు లేరు, నాతో సహా. మా అందరికీ తనంటే ఎంత గొప్పో ఒక్కరమూ ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు ఈ స్టూలు మీద కూర్చుని అనుకుంటున్నాను, గొట్టానికి చెప్పుకుంటున్నాను, అక్కకి మాత్రం వినపడదు.

పది నిమిషాలు, రెండు గీతల పసుపు. కిందటేడు ఎండాకాలం పోతూ పోతూ అడవిలో ఒక పిడుదు కుట్టింది తనని, ఎడమ మోకాలి వెనక. జింకల ఒంటి మీద వేలాడే పురుగు, నువ్వుగింజంత. మనమైతే గోటితో నలిపి పారేస్తాం. అక్క దాన్ని పట్టకారుతో మెల్లిగా తీసి, పుస్తకంలో ఆనాటి పేజీకి ప్లాస్టరు వేసి అతికించి, కింద తారీఖు, వేళ, పక్కనున్న చెట్టు నంబరు వేసింది. వారానికి అక్కడ ఎర్రగా గుండ్రటి మచ్చ లేచింది. దాన్నీ కొలిచింది. నాలుగు సెంటీమీటర్లు, ఏడు, పదకొండు, పద్నాలుగు. నొప్పి లేదు, దురద లేదు, మచ్చ మాత్రం రోజురోజుకీ పెరిగి, ఒకనాడు తనంతట తనే మాయమైంది. పక్క పేజీలో "మచ్చ లేదు" అని రాసి ఉంది. అంతటితో అయిపోయిందని ఎవరైనా అనుకుంటారు. తర్వాత జ్వరాలు, పిక్కల్లో నొప్పులు, ఒకరోజు భుజం, ఒకరోజు దవడ, నొప్పి అద్దె ఇల్లు వెతుక్కుంటున్నట్టు ఒళ్ళంతా తిరిగి తిరిగి చివరికి ఎడమ మోకాల్లో కాపురం పెట్టింది. అప్పుడు నాకు ఫోను చేసింది. పెద్ద ఆసుపత్రికి కాదు, నాకు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు లోకంలో అందరూ. మా అక్క పెరటి చెట్టునే నమ్ముకుంది.

ఆ పొద్దున ఏడున్నరకి వాళ్ళ వంటింట్లో, స్టవ్ మీద పాలు పొంగుతుండగా, రక్తం తీశాను. మూత పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. తీరా ల్యాబుకి వచ్చేసరికి పెద్ద మిషను ఆగిపోయి ఉంది, రెండు వందల శాంపిళ్ళు, బయట జనం అరుపులు, ఫోన్లు. అన్నీ చేత్తో చేసుకుంటూ పోయాను. మధ్యాహ్నం ఒకటిన్నరకి భోజనం డబ్బా తీయడానికి వంగితే జేబులోంచి ఏదో రొమ్ముకి గుచ్చుకుంది. అక్క రక్తం. ఆరు గంటలు నా ఒంటి వేడిలో ఉడికిన రక్తం. నాలుగు గంటలు దాటిన రక్తంలో కణాల ఆకారం మారిపోతుంది, సరిగ్గా జతకట్టవు, దిగాల్సినంత దిగవు, అంకె తక్కువ చూపిస్తుంది. ఇది ఈ పనిలో చేరిన మొదటి వారం నేర్చుకునే పాఠం, కొత్తగా వచ్చినవాళ్ళకి నేనే చెబుతాను, గొంతు పెంచి మరీ చెబుతాను. పారేసి మళ్ళీ తీయాలి. ఊరికి ఆ చివర ఇల్లు, బస్సులో గంట, బయట రెండు వందల మంది. గొట్టంలో పెట్టాను. పద్నాలుగు వచ్చింది, ఆ వయసుకి ముప్ఫై లోపుంటే మామూలే. కంప్యూటర్లో రక్తం తీసిన వేళ అడిగింది, ఆ గడి ఖాళీగా వదిలితే రిపోర్టు ముద్రించదు. పన్నెండూ నలభై అని కొట్టాను. నా వేలే కొట్టింది, నా కళ్ళముందే కొట్టింది.

సాయంత్రం ఫోను చేసి, "రక్తం శుభ్రంగా ఉందక్కా, వాపు గీపు ఏం లేదు, వయసు" అన్నాను. "సరే" అంది. సీఆర్‌పీ కూడా చూద్దామని అప్పుడు తోచలేదు, తోచినా పద్నాలుగుని అడ్డం పెట్టుకుని ఎందుకులే అనుకుని ఉంటాను. ఆ పద్నాలుగుని పట్టుకుని తర్వాత చూసిన ఇద్దరు డాక్టర్లూ అదే మాట అన్నారు. బరువు తగ్గమన్నారు, మెట్లెక్కొద్దన్నారు, ఒకాయన అయితే మనసుకి విశ్రాంతి ఇమ్మన్నాడు. చుట్టాలు నెత్తినెక్కారు, ఉద్యోగం ఇంకెన్నాళ్ళు చేస్తావని. అక్క ఎవరితోనూ వాదించలేదు. నొప్పి ఉందని చెప్పడం మానేసి, రోజూ పొద్దున లేవగానే మంచం మీదే మెడలో టేపు తీసి మోకాలి చిప్ప మీదుగా చుట్టి చదివేది. ఎడమ మోకాలు, కుడి మోకాలు, ఇద్దరు తోబుట్టువుల్లా పక్కపక్క గడుల్లో. కుడిది ముప్ఫై ఆరున్నర, ముప్ఫై ఆరున్నర, ముప్ఫై ఆరున్నర. ఎడమది ముప్ఫై తొమ్మిది, నలభై ఒకటి, నలభై మూడు. ఎనిమిది నెలలు. రక్తం అబద్ధమాడింది, డాక్టర్లు తల ఆడించారు, సొంత తమ్ముడు వయసన్నాడు, ఆవిడ మాత్రం తన టేపుని నమ్మింది. నిండుకుండ తొణకదంటే ఏమిటో నాకు ఆ పేజీలు చూసినప్పుడు అర్థమైంది.

ఇరవై ఐదు నిమిషాలు. ఇప్పుడు దిగుతుంది, దిగితే ఈ వేళలోనే దిగాలి. ఏడు గీతలు, ఎనిమిదా, తల ఎత్తి చూస్తే ఎనిమిది, దించి చూస్తే ఏడు. ఊరుకో. ఆ కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, మోకాలు వంగడం మానేశాక. వయసులో చిన్నది, ఆవిడ కళ్ళు అక్క మోకాలి మీద కాకుండా పుస్తకం మీద పడ్డాయి. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయి, మచ్చ కొలతలు చూసి, ఇంకా వెనక్కి పోయి, ప్లాస్టరు కింద ఎండిపోయిన పురుగు దగ్గర ఆగింది. లేచి నిలబడింది. "ఇది మీరు దాచారా?" అంది. "దాచలేదమ్మా, అతికించా" అంది అక్క. లైమ్ జబ్బు అని అప్పుడు విన్నాం. పిడుదు కాటులోంచి మెలికలు తిరిగిన సూక్ష్మజీవి ఒకటి ఒంట్లోకి పోయి, నెలల తర్వాత మోకాల్లో తేలుతుందట. బావ తన గుండు తడుముకుని, "మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం విన్నాను గానీ, మోకాలికీ పిడుదుకీ ముడిపెట్టడం ఇదే వినడమండీ" అన్నాడు. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. నవ్వి, "ఇంత పద్ధతిగా జబ్బు చరిత్ర రాసుకొచ్చిన మనిషిని నేనింతవరకు చూళ్ళేదు" అంది. అక్క సిగ్గుపడి టేపు సర్దుకుంది. మోకాల్లోంచి నీరు తీశారు, పెద్ద గ్లాసుకి కాస్త తక్కువ. ఆ రోజు రక్తం నేనే తీసి, పరిగెత్తుకొచ్చి, ఐదు నిమిషాల్లో పెట్టాను. ఈఎస్ఆర్ అరవై నాలుగు. సీఆర్‌పీ నలభై ఒకటి. లైమ్ యాంటీబాడీల పరీక్ష రెండు మెట్లలోనూ జబ్బు ఉందనే వచ్చింది. అన్నీ ముద్రించాను, వేళతో సహా, ఈసారి నిజం వేళ.

ఆ రోజే చెప్పెయ్యాల్సింది. డాక్టరమ్మ మాటొకటి నాకు ఆసరా ఇచ్చింది, దాన్ని కౌగిలించుకుని ఇన్నాళ్ళు గడిపాను. "ఈ జబ్బులో రక్తం చాలాసార్లు నోరు విప్పదండీ. వాపు అంకెలు మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు, ఎక్కువున్నంత మాత్రాన ఇదేననీ కాదు. మనిషినీ కీలునీ చూడాలి" అంది. అంటే ఆ పొద్దున రక్తాన్ని వెంటనే పెట్టినా పద్నాలుగే వచ్చేదేమో. వచ్చేదేమో. ఆ "ఏమో" మీద ఎన్ని రోజులు పడుకుని నిద్రపోయానో. కానీ రాకపోతే? ఇరవై ఎనిమిది రోజుల మాత్రలు, సగమే తగ్గితే మళ్ళీ ఇరవై ఎనిమిది రోజులు, ఎండలోకి వెళ్తే ఒళ్ళు మండిపోయే మాత్రలు, వాటిని ఎండలోనే బతికే మనిషి మింగింది. మాత్ర వేసుకున్న ప్రతి వేళా రాసింది. ఒక్క పూట తప్పలేదు. ఎనిమిది నెలల ముందే మొదలుపెట్టి ఉంటే ఈ కాలు ఇలా చాపుకుని కూర్చోవలసి వచ్చేదా? తెలియదు. నా వల్లే ఎప్పటికీ తెలియకుండా పోయింది.

రెండోసారి గణనలో నేనూ వారం రోజులు పనిచేశాను, వాళ్ళ జట్టులో ఒకాయన కాలు విరగ్గొట్టుకుంటే సెలవు పెట్టి వెళ్ళాను. మహావృక్షాలకి టేపు ఒక్కరి చేతికి అందదు, రెండో కొస ఒకరు పట్టుకోవాలి. నాచు పట్టిన చెట్టొకటి, దాని చుట్టూ తిరగడానికే ఇరవై అడుగులు పట్టింది. అవతల అక్క లాగితే నా వేళ్ళ కింద కొస జారింది, ఒక్క జానెడు. గబుక్కున పట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను. అవతలి నుంచి అంకె వినపడలేదు. చెట్టు పక్కనుంచి తొంగి చూసి, "జారిందా?" అంది. "లేదు" అన్నాను. రాయలేదు. అలాగే నిలబడింది. వాన మొదలైంది, అయినా నిలబడింది. చివరికి, "జారింది" అన్నాను. అప్పుడు పుస్తకం నా చేతికిచ్చి, "ఆ గడిలో అడ్డగీత పెట్టు. జారిన టేపుకి అంకె లేదు, గడి అయినా ఖాళీగా ఉండాలి, గీత అయినా ఉండాలి. ఆ గీత పట్టుకున్నవాడే పెట్టాలి. నాకు కనపడుతుంది, అయినా నేను పెట్టను" అంది. గీత పెట్టాక కింద గడిలో మళ్ళీ కొలిచాం. ఆ వారం తర్వాత రెండో కొసకి నన్నెప్పుడూ పిలవలేదు. నేను ల్యాబులో బిజీ అని పిలవలేదనుకుంటూ వచ్చాను.

నలభై నిమిషాలకి వెనక మిషను కూసింది. కాగితం బయటికొచ్చింది. సీఆర్‌పీ మూడు. ఐదు లోపుంటే మంచిదే. నలభై ఒకటి నుంచి మూడు. గట్టిగా అరిచి బెంచీ దాకా పరిగెత్తాలనిపించింది, బావ గుండు మీద ముద్దు పెట్టాలనిపించింది. కూర్చున్నాను. గొట్టం గంట అడిగింది, గంటా ఇస్తాను. ఇప్పుడు కణాలు అడుగున సర్దుకుంటున్నాయి, మెల్లమెల్లగా, పెళ్ళి భోజనాల్లో చివరి బంతి వాళ్ళలా. పదిహేను. పదహారు. అద్దంలోంచి చూస్తే అక్క పెన్సిలు ముల్లు చెక్కుకుంటోంది. బావ కునికిపాట్లు పడుతున్నాడు. పదకొండూ పన్నెండు. పదిహేడు. కళ్ళు గీతకి సమానంగా పెట్టి, మళ్ళీ చదివాను. పదిహేడు.

బయటికి వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను. "మూడు. పదిహేడు" అన్నాను. అక్క తల ఆడించింది, కళ్ళు తుడుచుకోలేదు, అవి వాటంతట అవే కారాయి. "తీసింది పదీ ఆరు. పెట్టింది?" అంది. "పదీ పన్నెండు" అన్నాను. రాసుకుంది. టేపు తీసి, చీర పైకి జరిపి, నా ముందే ఎడమ మోకాలికి చుట్టింది. ముప్ఫై ఏడు. రాసుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పనని తెలిసింది నాకు.

"అక్కా, పోయినేడు నేను తీసిన రక్తం..."

చెయ్యెత్తి ఆపింది. పుస్తకం వెనక్కి తిప్పింది, వెతుక్కోలేదు, వేలు నేరుగా ఆ పేజీకే పోయింది. నా రిపోర్టు మడత పెట్టి అందులో ఉంది. పన్నెండూ నలభై కింద పెన్సిలు గీత. పక్కన తన రాత: రక్తం తీసింది ఉదయం ఏడున్నర, పాలు పొంగాయి. ఎడమ మోకాలు ముప్ఫై తొమ్మిది. కుడి ముప్ఫై ఆరున్నర. ఈఎస్ఆర్ అని రాసిన గడి ఖాళీగా ఉంది. పద్నాలుగు లేదు. ఎప్పుడూ లేదు.

"తెలుసా నీకు?" అన్నాను.

"రిపోర్టు చూసిన రోజే తెలుసు."

"మరి అడగలేదేం అక్కా? డాక్టర్లకి చెప్పి ఉంటే..."

"వేళ తప్పని తెలుసు గానీ, వేళ తప్పితే అంకె కూడా తప్పుతుందని నాకేం తెలుసురా? అది నీ పని. డాక్టరమ్మని అడిగాక తెలిసింది." రిపోర్టు మడత సరిచేస్తూ, "కోపం రాలేదని అనను. చాలా వచ్చింది. ఈ ఆర్నెల్లూ నువ్వొచ్చిన ప్రతిసారీ ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అనుకున్నా" అంది.

నేను చెప్పాను. జేబు, ఆరు గంటలు, బస్సు, కంప్యూటరు గడి, అన్నీ, మొదటినుంచి, ఏదీ వదలకుండా. బావ లేచాడు, విన్నాడు, మొదటిసారి వేళాకోళం ఆడలేదు. అయ్యాక అక్క చెవి మీది పెన్సిలు తీసి నా చేతిలో పెట్టి, ఖాళీ గడి మీద వేలుంచింది. అడ్డగీత పెట్టాను. వంకరగా వచ్చింది. అక్క దాన్ని దగ్గరగా చూసి, పుస్తకం మూసి, టేపు మెడలో వేసుకుంది.

"సోమవారం పొద్దున్నే రా" అంది. "రెండో కొసకి మనిషి కావాలి."